లెక్కపెట్టకుండా రాసిన నాలుగు

నేను ఉద్యోగం చేసిన కాలంలో సూర్యాపేట చుట్టుపక్కల జనమంతా ఒకే రకం రక్తంతో బతికారు. న్యూట్రోఫిల్స్ అరవై రెండు, లింఫోసైట్లు ముప్పై నాలుగు, ఈసినోఫిల్స్ నాలుగు. మొత్తం నూరు. తిరుమలగిరి బస్సు దిగిన పత్తి రైతుకూ అంతే, దామరచర్ల నుంచి వచ్చిన పంతులమ్మకూ అంతే. తెల్ల రక్తకణాల్లో ఇంకో రెండు రకాలు ఉంటాయని పుస్తకంలో చదివాను గానీ, మా ల్యాబులో వాటికి చోటు దొరకలేదు.

ఇప్పటి ల్యాబుల్లో పనిచేసే పిల్లలకు ఇది అర్థం కాదు. వాళ్ల మిషన్ నోటికి నెత్తురు అందిస్తే నిమిషంలో కాగితం చేతికిస్తుంది. మా రోజుల్లో చుక్క నెత్తురును గాజు పలక మీద పరిచి, ఆరబెట్టి, రంగు పోసి, కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టి, కంటికి కనబడిన తెల్లకణాలను నూరు దాకా లెక్కపెట్టాలి. నూటిలో ఏ రకం ఎన్నో రాయాలి. వాటిలో ఈసినోఫిల్స్ అనేవి అలర్జీ ఉన్నవాళ్లకూ, కడుపులో పురుగులున్నవాళ్లకూ పెరుగుతాయి. లోపల ఎర్రపప్పు పోసినట్టు నారింజ రంగు గింజలతో ఉంటాయి. చూస్తే పోల్చుకోవడం చాలా సులువు. చూడాలి, అంతే.

అది మిర్యాలగూడ మిల్లుల వాళ్లూ, కోదాడ వ్యాపారులూ కలిసి ట్రస్టు పెట్టి సూర్యాపేటలో నడిపిన ముప్పై పడకల ధర్మ దవాఖాన. ఇప్పుడు లేదు. ఆ స్థలంలో ఫంక్షన్ హాలు కట్టారు, పెళ్లి భోజనాలకు నేనే రెండుసార్లు వెళ్లి వచ్చాను. నేను కోదాడ వాణ్ణి. ఎనభైల నడిమిలో అక్కడ ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. నాకు పైన ఒక సీనియర్ ఉండేవాడు. మిర్యాలగూడ మనిషి, తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. చేరిన వారంలోనే నేను మైక్రోస్కోపు మీద వంగి శ్రద్ధగా కణాలు లెక్కపెడుతుంటే వచ్చి భుజం మీద చెయ్యేశాడు.

“ఏం జేస్తున్నవ్ తమ్మీ?”

“లెక్కపెడుతున్నా సార్.”

“ఎన్ని స్లైడ్లున్నయ్ ఇయ్యాల?”

“యాభై మూడు.”

“ఒక్కోదానికి పావుగంట పడ్తది. మాపటికి అయితదా?”

కాదని నాకూ తెలుసు.

“మంచిగున్నోని రక్తం మంచిగనే ఉంటది తమ్మీ. డాక్టర్ సారు ఏ చీటీ మీద ఎర్రగీత గీస్తడో అది కండ్లు పెట్టి సూడు. మిగిలినయి నోటికి రావాలె.”

ఎర్రగీత సంగతి ఎక్కడా రాసి లేదు. డాక్టరుగారికి ఏ రోగి మీదైనా నిజంగా అనుమానం వస్తే చీటీ మీద ఎర్ర సిరాతో అడ్డగీత గీసేవారు. గీత ఉన్న స్లైడును మేము నిజంగా చూసేవాళ్లం. గీత లేని స్లైడును మేము చూసేవాళ్లం కాదు, గీత లేని రిపోర్టును ఆయన చదివేవారు కాదు. ఇరుపక్షాలకూ ఏ ఇబ్బందీ లేదు. హిమోగ్లోబిన్‌కు కంటి కింది రెప్ప లాగి, ఎరుపు చూసి అంకె వేసేవాళ్లం. జ్వరంగా ఉన్నవాడికి అరవై రెండును డెబ్బై చేసి, ముప్పై నాలుగును ఇరవై ఆరుకు దింపేవాళ్లం. నాలుగును మాత్రం ఎవరికోసమూ కదిపేవాళ్లం కాదు. ఆర్నెల్లలో నా చేయి అదంతట అదే రాయడం నేర్చుకుంది. పనిమంతుడినని పేరు కూడా వచ్చింది. రిపోర్టులు టైముకు ఇస్తానని.

ఎనభైల చివర్లో ఒక ఆయమ్మ పనిలో చేరింది. తిరుమలగిరి దగ్గరి పల్లె, పాతికేళ్లుంటాయి. భర్త బోరు బండి మీద పనికి పోయి నెలకొకసారి ఇంటికి వచ్చేవాడు. ఇద్దరు పిల్లలు, ఒక అత్త. వార్డు ఊడ్చడం, రోగులను పట్టుకుని నడిపించడం, పొద్దున్నే పాలూ బ్రెడ్డూ పంచడం ఆమె పని. రోజుకూలీ కింద లెక్క. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ణి.

పాలూ బ్రెడ్డూ సంగతి కొంచెం చెప్పాలి. మా వైపు మనిషికి ఒంట్లో బాగోలేదంటే చూడ్డానికి వచ్చేవాళ్లు బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుని వస్తారు. ఆరోగ్యవంతుడు బ్రెడ్డు తింటే ఏమైందని అడుగుతారు. మా దవాఖానలో ప్రతి రోగికీ పొద్దున గ్లాసెడు పాలు, నాలుగు బ్రెడ్డు ముక్కలు ధర్మంగా ఇచ్చేవాళ్లు. మిగిలినవి పంచిన ఆయమ్మకు హక్కు. మిగతా ఆయమ్మలు వాటిని పిల్లల కోసం ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు. ఈమె మాత్రం అక్కడే నిలబడి బ్రెడ్డు పాలలో నానబెట్టుకుని తినేది. ఎందుకంటే అన్నం ఆమెకు గొంతు దిగేది కాదు.

మధ్యాహ్నం మేమంతా ల్యాబు వెనక వరండాలో కూర్చుని తినేవాళ్లం. ఆమె ఒక ముద్ద పెట్టుకుని నమిలి నమిలి, గుక్కెడు నీళ్లు తాగి, రొమ్ము మీద అరచేత్తో రెండుసార్లు తట్టుకుని, అప్పుడు రెండో ముద్ద అందుకునేది. మేము చేతులు కడుక్కునే సమయానికి ఆమె నాలుగో ముద్దలో ఉండేది. మాంసం అయితే ముట్టుకునేదే కాదు. నీసు తిననని చెప్పేది. ఇంట్లో అందరూ తింటారట, ఈమె ఒక్కతే తినదట. మాకు అందులో వింతేమీ కనపడలేదు.

“ఏం చెల్లె, మెతుకు మెతుకు లెక్కవెట్టుకుంట తింటున్నవా?” అనేవాడు మా సీనియర్.

“దిగుతలేదు సారూ. గీడ ఆగుతది,” అని రొమ్ము మధ్య చూపించేది.

డాక్టరుగారికి చెప్పింది. ఆయనది కోదాడ దాటి అవతల, గుంటూరు వైపు. మంచి మనిషి, రోజుకు నూటయాభై మందిని చూసేవారు. “ఆలోచనలు తగ్గించుకోమ్మా. మొగుడు దగ్గర లేడు కదా, అదీ దిగులు,” అన్నారు. గ్యాస్ మాత్రలు రాసి, కడుపులో మంట ఉండొచ్చు, పాలు బాగా తాగమన్నారు. చీటీ మీద ఎర్రగీత గీయలేదు. మా ట్రస్టులో ఒక నియమం ఉండేది, సిబ్బందికి ఆర్నెల్లకొకసారి రక్తపరీక్ష చేయాలని. అలా ఏడేళ్లలో పద్నాలుగుసార్లు ఆమె రక్తం నేనే తీశాను. పద్నాలుగుసార్లూ అరవై రెండు, ముప్పై నాలుగు, నాలుగు అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను.

ఆమె చిక్కిపోతుంటే మాకు జాలి వేయలేదని కాదు. నాకైతే చాలా జాలి వేసింది. మా ఇంటిది చిక్కటి పాలు కాచి, పెరుగు తోడుపెట్టి రెండు డబ్బాలకు సర్ది ఇచ్చేది. ఒకటి నాకు, ఒకటి ఆమెకు. “పెరుగన్నమైతే జారుతది, తిను చెల్లె,” అని దగ్గరుండి తినిపించాను. ఏళ్ల తరబడి తినిపించాను. ఈ కథలో నేను చేసిన ఒకే ఒక మంచిపని అదేనని చాలాకాలం అనుకున్నాను.

తొంభైల నడిమిలో ట్రస్టు పెద్దమనిషి మనవడికి పుట్టువెంట్రుకలు తీయించి, ఆ సంతోషంలో దవాఖాన సిబ్బందికి బగారన్నం, మటన్ కూర పంపించాడు. పంపించి ఊరుకోకుండా తానే వచ్చి మధ్యలో నిలబడ్డాడు. ఈమె ఉత్త అన్నం పెట్టుకుని కూర్చుంది. మా సీనియర్ గంటెతో రెండు ముక్కలు ఆమె విస్తట్లో వేశాడు.

“నేను తినను సారూ.”

“ఒక్కనాడు తింటే ఏమైతది? పెద్దమనిషి సూస్తున్నడు, నారాజ్ అయితడు.”

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆమె పెద్దమనిషి వైపు చూసి, ముక్క నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి మింగింది. మింగి అలాగే ఉండిపోయింది. తర్వాత లేచి కుళాయి దగ్గరికి వెళ్లింది. నీళ్లు తాగితే నీళ్లు తిరిగి వచ్చాయి. ఉమ్ము మింగితే ఉమ్ము తిరిగి వచ్చింది. మగ్గు ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది, నోటినుంచి చొంగ కారిపోతోంది, ఊపిరి మాత్రం ఆడుతోంది. సీనియర్ వీపు మీద చరిచాడు. ఒకరు అరటిపండు తినమన్నారు. నేను పరుగెత్తుకెళ్లి గ్లాసెడు పాలు తెచ్చాను.

గంటన్నర చూసి డాక్టరుగారు ఆమెను జీపులో హైదరాబాదు పంపించారు. ఆమె కార్డు, పద్నాలుగు రిపోర్టులు ఒక ఫైలులో పెట్టి ఇచ్చారు. భర్త ఏ ఊళ్లో బోరు వేస్తున్నాడో ఎవరికీ తెలియదు. తోడు నన్ను వెళ్లమన్నారు.

హైదరాబాదులో ఒక పెద్ద డాక్టరు గొంతులోకి గొట్టం దింపి ముక్కను బయటికి తీశారు. బఠాణీ గింజకు రెండింతలుంది. మర్నాడు పొద్దున, లోపలి దారి కనబడేందుకు బేరియం మందు తాగించి ఎక్స్‌రేలు తీసి, మమ్మల్ని గదిలోకి పిలిచారు. అంత చిన్న ముక్క ఇరుక్కోవడం ఆయనకు నచ్చలేదు. ఆహారం దిగే గొట్టం కిందికి వచ్చేసరికి సన్నబడి ఉందన్నారు.

“ఎప్పటి నుంచి ఇలా ఉందమ్మా?”

“పెండ్లి గాకముందు నుంచి సారూ. మెల్లగ తింటే ఎట్లనో గట్ల దిగుతది.”

“తుమ్ములు, దురదలు, ఆయాసం లాంటివి ఉన్నాయా?”

“పత్తి ఏరేటప్పుడు తుమ్ములొస్తయ్. చిన్నప్పుడు ఒళ్లంత దద్దుర్లు లేస్తుండె.”

ఆయన ఆగి, ఫైలు తెరిచి రిపోర్టులు ఒక్కొక్కటే తిప్పారు. పద్నాలుగూ తిప్పారు.

“ఈసినోఫిల్స్ ఏడేళ్లుగా నాలుగే. అలర్జీ అయితే ఎప్పుడో ఒకసారైనా పెరిగి ఉండేవి. అది కాదు.” ఫైలు మూసి నా వైపు చూశారు. “మీ ల్యాబు చాలా నిలకడగా ఉందండీ.”

ఆయన మెచ్చుకున్నారనే ఇప్పటికీ నా నమ్మకం. వెటకారం చేసే మనిషి కాదు.

అలర్జీ కాదు కాబట్టి కండరం జబ్బు అని తేల్చారు. గొట్టం కింది చివర కండరం బిగుసుకుపోయి వదులు కావడం లేదు, ఛాతీ పక్కన కోసి దాన్ని చీల్చాలి అన్నారు. పన్నెండు రోజుల తర్వాత రమ్మని తేదీ ఇచ్చారు. నేను అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాను. ప్రతి రిపోర్టు కిందా ఉన్న సంతకం నాది. నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు. సిగ్గువల్ల అని చెప్పుకోవచ్చు గానీ, నిజానికి భయం.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని చాలాసేపటికి అడిగింది.

“కోసినంక నన్ను పనిల ఉంచుతరా అన్నా?”

“ఉంచుతరు,” అన్నాను.

ఉంచరు. మేనేజరు మర్నాడే చెప్పాడు, రోజుకూలీ మనిషి మూడు నెలలు రాకపోతే ఆ చోటు ఖాళీగా ఉంచడం కుదరదని. అంతకన్నా అత్త మాట ఆమెను ఎక్కువ బాధపెట్టింది. కోసిన మనిషి ఇక కడవ కూడా ఎత్తదని, కొడుక్కు కబురు పంపించిందట. ఆమె మాత్రం రోజూ వచ్చి వార్డు ఊడ్చి, పాలు పంచి, తన పాలలో బ్రెడ్డు నానబెట్టుకుని తింటూనే ఉంది.

మూడోరోజు నేను ఆపరేషనుకు కావాలని అబద్ధం చెప్పి ఆమె రక్తం తీశాను. ల్యాబు తలుపు దగ్గరగా వేసి, స్లైడు చేసి, రంగు పోసి, కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టాను. ఏడేళ్లలో ఆమె రక్తం నేను చూడటం అదే మొదలు. వెతకాల్సిన పని లేకపోయింది. మొదటి చూపులోనే రెండు నారింజ కణాలు పక్కపక్కన ఉన్నాయి. నూరు లెక్కపెట్టాను. పందొమ్మిది. రెండో స్లైడు చేశాను. పద్దెనిమిది. మూడోది చేశాను. పందొమ్మిది. స్టూలు మీద అలా కూర్చుండిపోయాను.

మా సీనియర్ వస్తే చూపించాను. ఆయన కన్ను పెట్టి చూసి, లేచి తలుపు పూర్తిగా వేశాడు.

“ఇది ఎవ్వలికి చెప్పినవ్?”

“ఇంకా ఎవరికీ చెప్పలేదు.”

“చెప్పకు. నువ్వు పద్నాలుగు ఒప్పుకుంటే నేను పద్నాలుగు వేలు ఒప్పుకోవాలె. ఊరంత వచ్చి గీ తలుపు ముందు నిలవడ్తది.”

“ఆమెను కోస్తారు సార్.”

“పెద్ద డాక్టర్లు. ఊకెనే కోస్తరా తమ్మీ? వాళ్లకు తెల్వదా?”

“మనం రాసింది చూసే కోస్తున్నారు.”

ఆయన చెడ్డవాడు కాదు. రక్తం దొరక్క కాన్పు కష్టమైన ఒక అమ్మాయికి తన రక్తం ఇచ్చి, సాయంత్రం దాకా స్లైడ్లు కడిగిన మనిషి. నూటిలో నాలుగంటే నాలుగని నమ్మి బతికాడు, అంతే. నేనూ అలాగే బతికాను.

సాయంత్రం ఓపీ అయ్యాక డాక్టరుగారి గదికి వెళ్లి చెప్పాను. ఎర్రగీత లేని స్లైడ్లు మేం చూడమని, ఆమె రిపోర్టులు పద్నాలుగూ చూడకుండా రాసినవని, ఇప్పుడు పందొమ్మిది వచ్చిందని.

“మీరు చూడరని నాకు తెలుసయ్యా,” అన్నారాయన.

నేను ఈ జవాబు ఊహించలేదు.

“తెలిసే గదా గీతలు గీసేది. నాకు తెలుసు, నీకు తెలుసు, మీ సీనియర్‌కి తెలుసు.” ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు. “హైదరాబాదు ఆయనకి తెలీదు. ఆ ఫైలు నేనే చేత్తో సర్ది జీపులో పెట్టించాను. ఒక్క ముక్క రాసి పంపాలని తోచలేదు చూడు.”

తర్వాత ఆయన హైదరాబాదుకు ఉత్తరం నన్నే రాయమన్నారు, కింద తానూ సంతకం పెడతానన్నారు. మొదటి ఉత్తరంలో “కొన్ని సాంకేతిక కారణాల వల్ల” అని రాశాను. ఆయన దాన్ని ఎర్ర సిరాతో కొట్టేశారు. రెండోదానిలో “పని ఒత్తిడి వల్ల” అని రాశాను. అదీ కొట్టేశారు. నాలుగో ఉత్తరంలో మూడే వాక్యాలు మిగిలాయి. ఈ పద్నాలుగు రిపోర్టులు నేను స్లైడు చూడకుండా రాశాను. ఇప్పుడు చూశాను. ఈసినోఫిల్స్ పందొమ్మిది.

పోస్టులో పంపితే చాలనిపించింది నాకు. “నువ్వే పట్టుకెళ్లు,” అన్నారాయన. పొద్దున్నే బస్సెక్కాను. హైదరాబాదు డాక్టరుగారు ఉత్తరాన్ని రెండుసార్లు చదివారు. మూడు వాక్యాలకు అంతసేపు పట్టకూడదు.

“ఈవిడ ఒక్కరివేనా ఇలా రాసింది?”

“కాదు సార్.”

“ఎంతమందివి?”

“అందరివీ సార్.”

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తిడతారని ఎదురుచూశాను. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. “ఆపరేషన్ ఆపుతున్నాను. రేపు ఆమెను తీసుకురండి,” అని మాత్రం అన్నారు.

మళ్లీ గొట్టం దింపారు. ఈసారి ఆహారం దిగే దారి గోడ నుంచి ఆవగింజంత ముక్కలు ఆరు తీసి పరీక్షకు పంపారు. నాలుగు రోజుల తర్వాత నన్ను పిలిచి అక్కడి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. చూడమన్నారు. ఎటు చూసినా నారింజ గింజలే. అన్ని ఈసినోఫిల్స్‌ను ఒకేచోట నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

“ఆహారనాళం గోడలో ఇవి ఒక్కటి కూడా ఉండకూడదు,” అన్నారాయన. “ఈమెకు తినే తిండిలో ఏదో పడటం లేదు. కొందరికి పడనిది తింటే ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి. ఈమెకు లోపల, గొట్టంలో వాపు వస్తుంది. అది తిన్నప్పుడల్లా ఈ కణాలు వచ్చి చేరుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ గొట్టం గట్టిపడి సన్నబడుతుంది. ఈ జబ్బును ఈమధ్యే విడిగా గుర్తుపడుతున్నారు. నేనూ ఇంతకుముందు ఒకే ఒక్కరిని చూశాను. కండరం కోసి ఉంటే కోతే మిగిలేది, జబ్బు అలాగే ఉండేది.” కాగితం దగ్గరికి లాక్కున్నారు. “రోజూ ఏం తింటుందో మీకు తెలుసా?”

తెలుసు. ఆ ఒక్క ప్రశ్నకు నా దగ్గర ఖచ్చితమైన జవాబుంది.

“అన్నం దిగదు సార్. దవాఖానలో పాలు, బ్రెడ్డు. మధ్యాహ్నం పెరుగన్నం. నేనే ఇంటి నుంచి తెచ్చి పెడతాను.”

ఆయన కాగితం మీద పాలు, పెరుగు, బ్రెడ్డు అని రాసి, మూడింటినీ కొట్టేసి నా చేతికిచ్చారు. వాపు తగ్గడానికి కొద్ది రోజులకు మాత్రలిచ్చి, రెండు నెలలు ఈ మూడూ ముట్టవద్దన్నారు.

ఇది విని మా దవాఖాన నమ్మలేదు. పాలు పడకపోవడమేమిటి? ట్రస్టు పెద్దమనిషి స్వయంగా వచ్చి, “తల్లి పాల తర్వాత గేదె పాలే గదా, మనిషికి పడకుండ ఎట్ల ఉంటయ్?” అని డాక్టరుగారిని నిలదీశాడు. తన ధర్మానికే మచ్చ వచ్చినట్టు బాధపడ్డాడు. మా ఇంటిది వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆమె తోడుపెట్టిన పెరుగుకు విషమని పేరు పెట్టానట.

మూడో వారానికి ఆయమ్మ నీళ్లు తాగకుండా రెండు ముద్దలు మింగింది. నెలన్నరకు రొమ్ము తట్టుకోవడం మానేసింది. రెండు నెలల తర్వాత బ్రెడ్డు మళ్లీ మొదలుపెట్టి చూడమన్నారు. ఏమీ కాలేదు. తర్వాత పాలు ఇచ్చి చూడమన్నారు. ఎనిమిదో రోజున అన్నం మళ్లీ రొమ్ము మధ్య ఆగింది. ఇక సందేహం లేదు. మేం పాపం అని జాలిపడి ఏడేళ్లు పోసింది, ఏడేళ్లు డబ్బాకెత్తి ఇచ్చింది, సరిగ్గా అదే. దవాఖాన పోసిన పాలు ఒక లెక్క. నా పెరుగు ఇంకో లెక్క. రెండోది గుర్తొస్తే ఇప్పటికీ మనసు పాడవుతుంది.

పాలు పూర్తిగా మానేసిన తర్వాత ఒకరోజు వరండాలో ఆమె మా సీనియర్ కంటే ముందు చెయ్యి కడుక్కుంది. అందరం చూశాం. పనిలోనూ ఉండిపోయింది, కోత లేదు కాబట్టి సెలవూ అక్కర్లేకపోయింది.

నామీద ఏ చర్యా తీసుకోలేదు. తీసుకోవాలంటే ముగ్గురి మీద తీసుకోవాలి. ట్రస్టు వాళ్లకు డాక్టరుగారు ఇంకో మైక్రోస్కోపు, ఇంకో మనిషి కావాలని రాశారు. మైక్రోస్కోపు వచ్చింది. మనిషి రాలేదు. అప్పటి నుంచి నేను ప్రతి స్లైడూ లెక్కపెట్టాను. రిపోర్టులు సాయంత్రానికి రాక, మర్నాడు ఇవ్వాల్సి వచ్చి, జనం నన్ను చేతగానివాడినని తిట్టారు. ఒక మధ్యాహ్నం నేను భోంచేసి వచ్చేసరికి మా సీనియర్ మైక్రోస్కోపు మీద వంగి ఉన్నాడు, పెదాలు కదులుతున్నాయి. నేను శబ్దం చేయకుండా వెనక్కి వెళ్లిపోయాను. అన్నేళ్లలో మేం నాలుగు అని రాసి పంపించిన మిగతావాళ్లలో ఎవరికి ఎంత ఉండేదో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. అది అలాగే ఉంది.

ఇక నేను చేసిన చివరి తప్పు. ఆపరేషన్ ఎందుకు ఆగిందో ఆయమ్మకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. ల్యాబులో సారు రక్తం చూసి జబ్బు కనిపెట్టి, హైదరాబాదు పోయి పెద్ద డాక్టరునే ఆపాడని వార్డులో పాకింది. ఎవరు పుట్టించారో గానీ, నేను కాదనలేదు. మూడు నెలలు ఆ పేరుతో తిరిగాను. పేషెంట్లు నన్ను చూసి లేచి నిలబడేవాళ్లు. బాగానే ఉండేది.

తర్వాత సిబ్బందికి ఆర్నెల్ల రక్తపరీక్ష వచ్చింది. ఆమె గిన్నెలో గారెలు పట్టుకుని ల్యాబులోకి వచ్చింది. ఒంటికి కండ పట్టింది, కొత్త చీర కట్టుకుంది. గిన్నె బల్ల మీద పెట్టింది.

“నీతోనే బతికిన అన్నా. మా పెద్దోనికి చెప్పిన, నువ్వు కనబడ్తే కాళ్లు మొక్కమని.”

ఆ గిన్నె వైపు చూస్తూ ఉండటం నావల్ల కాలేదు. తలుపు దగ్గరగా వేసి, కూర్చోమన్నాను.

“చెల్లె, నేను కనిపెట్టలేదు. నీ రక్తంలో ఆ జబ్బు జాడ మొదటినుంచీ ఉండి ఉంటది. నేను చూడలేదు. పద్నాలుగుసార్లూ చూడకుండానే బాగుందని రాసిన. చూసి ఉంటే ఎప్పుడో బయటపడేది. కోత దాకా వచ్చింది కూడా నా రాత వల్లనే.”

ఆమె చాలాసేపు నా ముఖం చూసింది. కోపం కనపడలేదు. అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు చూసింది.

“చూడకుండనా?”

“చూడకుండనే.”

“మరి నా రక్తం తీసినవ్ గదా. తీసిందంత ఏం జేసినవ్?”

ఏడేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. డాక్టరుగారు అడగలేదు, హైదరాబాదు ఆయన అడగలేదు, నన్ను నేనూ అడగలేదు.

“సింకులో పారబోసిన.”

ఆమె మూలనున్న సింకు వైపు చూసింది. మళ్లీ నా వైపు తిరిగింది.

“నాకు సూదంటే శాన భయం అన్నా. నీకెన్నడు చెప్పలే. పరీక్ష అన్నప్పుడల్లా రెండు రోజుల ముందు నుంచే చేతులు వణుకుతుండె. దవాఖాన్ల పని జేసుకుంట సూదికి భయపడ్తే నవ్వుతరని ఊకున్న.”

ఆమె స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చుంది. జాకెట్టు చేయి పైకి మడుచుకుని, చేయి బల్ల మీద చాపి, కళ్లు గట్టిగా మూసుకుంది.